పాత జర్మన్ వేట రైఫిల్ పుట్టుపూర్వోత్తరాలను దాని ముద్రల ద్వారా తెలుసుకోవడం ఎలా

పాత జర్మన్ వేట రైఫిల్ చేతికి వచ్చినప్పుడు చాలామంది మొదట గొట్టం మీద అందంగా చెక్కిన పేరును చూస్తారు. ఆ పేరే తయారీదారుదని నమ్మి, దాని వెంటపడి వారాల తరబడి వెతికి, చివరకు ఏమీ దొరకక వదిలేస్తారు. ఆ పేరు రైఫిల్‌ను తయారుచేసినవారిది కావచ్చు, దాన్ని అమ్మిన దుకాణదారుడిది కావచ్చు, గొట్టానికి ఉక్కు సరఫరా చేసిన కర్మాగారానిది కూడా కావచ్చు. జర్మన్ వేట తుపాకీ, ముఖ్యంగా తురింగియా ప్రాంతంలోని సూల్, ట్సెల్లా-మేలిస్ పట్టణాల్లో పుట్టినది, చాలావరకు ఒక్క చేతి పని కాదు. గొట్టం చేసేవారు, తూటాను బిగించి పేల్చే యంత్రభాగం చేసేవారు, కొయ్య చెక్కేవారు, నగిషీ పనివారు ఎవరికి వారు వేరువేరు చోట్ల పనిచేసేవారు. వారందరి పనినీ కలిపి ఒక సంస్థ పూర్తి తుపాకీగా అమర్చేది. ఆ తుపాకీని మరో నగరంలోని వర్తకుడు తన పేరు చెక్కించుకుని అమ్మేవాడు. అందువల్ల ఒక్కో ముద్రనూ చూసినప్పుడు వేసుకోవలసిన మొదటి ప్రశ్న అది ఏమిటన్నది కాదు. దాన్ని ఎవరు కొట్టారు, ఎందుకు కొట్టారు అన్నది. ఈ వ్యాసంలోని పద్ధతి అంతా ఆ ప్రశ్న చుట్టూనే నడుస్తుంది.

పని మొదలుపెట్టేముందు

అన్నిటికంటే ముందు రైఫిల్ ఖాళీగా ఉన్నదని నిర్ధారించుకోవాలి. నూరేళ్లనాటి తుపాకీలో తూటా ఉండదని అనుకోవడం ప్రమాదకరం. గొట్టం వెనుక భాగాన్ని తెరిచి, తూటా గదిలో కంటితో చూసి, వేలితో తడిమి, మూతి నుంచి సన్నని చెక్కపుల్ల దింపి గొట్టం పొడవునా అడ్డు లేదని సరిచూసుకోవాలి. మూడు గొట్టాల తుపాకీ అయితే మూడింటినీ విడివిడిగా చూడాలి. మీరున్న దేశంలో ఇలాంటి తుపాకీని కలిగి ఉండటానికి, ఒకచోటి నుంచి మరోచోటికి తీసుకువెళ్లడానికి ఏ అనుమతులు కావాలో కూడా ముందే తెలుసుకోవాలి. పాతది అన్న ఒక్క కారణంతో చట్టం దాన్ని వదిలేస్తుందని భావించకూడదు.

రెండో జాగ్రత్త శుభ్రం చేయడానికి సంబంధించినది. తుప్పు వదలాలని ఉక్కు పీచుతోనో గరుకు కాగితంతోనో రుద్దితే, నూరేళ్లు నిలిచిన ముద్ర పది నిమిషాల్లో పోతుంది. తేలికపాటి నూనె అద్ది, ఒక రోజు ఆగి, మెత్తటి నూలుగుడ్డతో తుడిస్తే చాలు. అక్షరాలు కనిపించనప్పుడు కాంతిని పైనుంచి కాక పక్క నుంచి, దాదాపు లోహపు ఉపరితలానికి సమాంతరంగా పడేలా పెట్టి చూడాలి. మసకబారిన కిరీటం, గద్ద రెక్క, అంకెల అంచులు అప్పుడే బయటపడతాయి. పలుచని కాగితం పరిచి మెత్తటి పెన్సిల్‌తో రుద్దినా ఆకారం కాగితం మీదికి వస్తుంది. ఏ ముద్ర ఎక్కడ ఉందో చిన్న బొమ్మ గీసి రాసుకోవడం ఫొటో తీయడమంత ముఖ్యం, ఎందుకంటే అదే అక్షరం గొట్టం అడుగున ఉంటే ఒక అర్థాన్ని, బట్ (భుజానికి ఆనించే కొయ్య) మీద ఉంటే మరో అర్థాన్ని ఇస్తుంది.

అసలు సమాచారం సాధారణంగా కంటికి కనిపించని చోట ఉంటుంది. మధ్యలో విరిచి తెరిచే తుపాకీ అయితే ముందు కొయ్యను తీసి, గొట్టాలను కీలు నుంచి విడదీసి, వాటి అడుగు భాగాన్ని చూడాలి. చేతిమీటను వెనక్కి లాగి తూటా ఎక్కించే బోల్ట్ రైఫిల్ అయితే బట్‌తో సహా కొయ్య మొత్తాన్ని విప్పితేనే గొట్టం అడుగు కనిపిస్తుంది. మర (స్క్రూ) తల గాడిలో సరిగ్గా కూర్చునే స్క్రూడ్రైవర్ లేకపోతే ఈ పనిని అనుభవజ్ఞుడైన తుపాకీ మరమ్మతుదారుకు అప్పగించడం మేలు. పాడైన మర తల ఒక్కటి చాలు, రైఫిల్ విలువ తగ్గడానికి.

ముందుగా ఇది ఏ రకమో గుర్తించడం

జర్మన్ వేటగాళ్లు ఒకే తుపాకీతో అడవిలో ఎదురయ్యే రకరకాల జంతువులను వేటాడాలని కోరుకున్నారు. పలు గొట్టాల తుపాకులు అక్కడ అంతగా వృద్ధి చెందడానికి అది ఒక కారణం. గాడుల గొట్టం (బుల్లెట్ తిరుగుతూ వెళ్లేలా లోపల గాడులు కోసినది) ఒకటి, సీసపు పూసలు పేల్చే నున్నని గొట్టం ఒకటి పక్కపక్కన ఉంటే దాన్ని బ్యుక్స్‌ఫ్లింటె అంటారు. ఒకదానిపై ఒకటి ఉంటే బోక్‌బ్యుక్స్‌ఫ్లింటె. మూడు గొట్టాలు ఉన్నది డ్రిల్లింగ్, నాలుగు ఉన్నది ఫీర్లింగ్. రెండూ గాడుల గొట్టాలే అయితే డోపెల్‌బ్యుక్సె. ఒక్కటే గొట్టం ఉండి మధ్యలో విరిచి తెరిచేది కిప్‌లౌఫ్‌బ్యుక్సె. వరుసగా పలు తూటాలు పేల్చే బోల్ట్ రైఫిల్ రెపెటీర్‌బ్యుక్సె. కొయ్య మూతి దాకా సాగితే దాన్ని ష్టుట్సెన్ అని పిలుస్తారు. రకం తెలిస్తే ముద్రలు ఎక్కడ వెతకాలో, ఎన్ని గొట్టాలకు విడివిడిగా ముద్రలుంటాయో ముందే ఊహించవచ్చు. డ్రిల్లింగ్ మీద నున్నని గొట్టాల ముద్రలనూ గాడుల గొట్టం ముద్రలనూ కలిపి చదివి గందరగోళపడటం కొత్తవారు తరచూ చేసే పొరపాటు.

పరీక్ష ముద్రలు: ఇక్కడే కాలం తెలుస్తుంది

నా అభిప్రాయంలో ఈ పరిశోధన అంతటిలో అత్యంత నమ్మదగిన సాక్ష్యం పరీక్ష ముద్రలే. దుకాణదారుడు తనకు నచ్చిన పేరు చెక్కించుకోవచ్చు, కానీ పరీక్షా కేంద్రం చట్టం చెప్పిన ముద్రనే కొట్టాలి. జర్మన్ సామ్రాజ్యంలో తుపాకీ గొట్టాలను తప్పనిసరిగా పరీక్షించాలనే చట్టం 1891 మే 19న వచ్చింది. అది 1893 ఏప్రిల్ 1 నుంచి పూర్తిగా అమలైంది. మామూలు కంటే ఎక్కువ ఒత్తిడి కలిగించే మందుగుండుతో గొట్టాన్ని పేల్చి చూసి, అది తట్టుకుంటేనే ముద్ర కొట్టేవారు.

ఆ చట్టం కింద కొట్టిన ముద్రల్లో గద్ద ఒకటి. మిగిలినవి కిరీటం కింద ఒక్కో అక్షరం ఉన్న చిన్న గుర్తులు. కిరీటం కింద బి ఉంటే గొట్టం పేల్చి పరీక్షించబడిందని అర్థం. జర్మన్‌లో పరీక్షాప్రయోగాన్ని బెషుస్ అంటారు. యు ఉంటే పేల్చిన తర్వాత తనిఖీ జరిగిందని. జి ఉంటే అది గాడుల గొట్టమని. ఎస్ ఉంటే సీసపు పూసల గొట్టమని. డబ్ల్యు ఉంటే నున్నని గొట్టం మూతి దగ్గర ఇరుకుగా చేయబడిందని. ఆర్ ఉంటే మరమ్మతు తర్వాత మళ్లీ పరీక్షించారని. వీటిలో పరిశోధకుడికి విశేషమైనది వి అనే అక్షరం. చట్టం అమల్లోకి వచ్చేనాటికి అప్పటికే తయారై నిల్వలో ఉన్న తుపాకులకు ఈ ముద్ర వేశారు. కిరీటం కింద వి కనిపించిందంటే ఆ తుపాకీ 1893కు ముందే తయారైందని చెప్పడానికి బలమైన ఆధారం దొరికినట్టే. అసలు ఏ పరీక్ష ముద్రా లేకపోతే అది చట్టానికి ముందటిది కావచ్చు, లేదా ముద్రలను అరగదీసి ఉండవచ్చు. రెండో సందర్భంలో గొట్టం ఉపరితలం ఆ చోట కొద్దిగా పల్లంగానో, రంగు తేడాగానో కనిపిస్తుంది.

కిరీటం కింద ఎన్ ఉన్న ముద్ర పొగరాని మందుతో, అంటే నైట్రో మందుతో జరిపిన పరీక్షను సూచిస్తుంది. ఇది సుమారు 1912 నుంచి కనిపిస్తుంది. 1939లో వచ్చిన కొత్త చట్టం 1940 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. అప్పటి నుంచి కిరీటం స్థానంలో గద్ద వచ్చింది. గద్ద కింద ఎన్ ఉంటే అది 1940 తర్వాతి పరీక్ష. కాబట్టి ఒకే గొట్టం మీద కిరీటం ముద్రలూ గద్ద కింద అక్షరం ముద్రలూ రెండూ ఉంటే, రైఫిల్ 1940కి ముందు పుట్టి, ఆ తర్వాత ఏదో మార్పుతో మళ్లీ పరీక్షకు వెళ్లిందని భావించాలి. ఆ మార్పు ఏమిటో వెతకడం మీ తర్వాతి పని.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత పశ్చిమ జర్మనీలో పరీక్షా కేంద్రాలు తమ తమ స్థానిక చిహ్నాలను వాడాయి. ఉల్మ్ కేంద్రానిది దుప్పి కొమ్ము. ఈ కాలపు తుపాకుల మీద సంవత్సరాన్ని రెండు అక్షరాలుగా కొట్టే పద్ధతి వచ్చింది. ఎ సున్నా, బి ఒకటి, సి రెండు, డి మూడు, ఇ నాలుగు, ఎఫ్ ఐదు, జి ఆరు, హెచ్ ఏడు, ఐ ఎనిమిది, కె తొమ్మిది. జె అక్షరాన్ని వదిలేశారు. ఆ లెక్కన హెచ్‌డి అంటే 1973. పాత రైఫిల్ మీద ఇలాంటి జంట అక్షరాలు కనిపిస్తే అది ఆ సంవత్సరంలో మళ్లీ పరీక్షకు వెళ్లిందన్న మాట. దాన్ని తయారీ సంవత్సరంగా పొరబడకూడదు.

ఇక నెల, సంవత్సరం సంగతి. సూల్, ట్సెల్లా-మేలిస్ కేంద్రాలు రెండు యుద్ధాల మధ్య కాలంలో తరచూ పరీక్ష జరిగిన నెలను, సంవత్సరాన్ని కలిపి చిన్న అంకెలతో కొట్టేవి. 3 28 అని ఉంటే 1928 మార్చి. 1127 అని కలిసి ఉంటే 1927 నవంబర్. దీన్ని క్రమసంఖ్యగా భావించి కర్మాగారం రికార్డుల్లో వెతికేవారు ఎందరో ఉన్నారు. మూడు లేదా నాలుగు అంకెల సంఖ్యలో చివరి రెండు అంకెలు సాధ్యమైన సంవత్సరాన్ని, మొదటివి 1 నుంచి 12 లోపు నెలను ఇస్తుంటే, ముందు దాన్ని తేదీగా పరిశీలించాలి. క్రమసంఖ్య సాధారణంగా గొట్టంతో పాటు యంత్రభాగం మీద, ముందు కొయ్య ఇనుము మీద కూడా పునరావృతమవుతుంది. తేదీ అలా కాదు.

వింత అంకెల అర్థం

పాత గొట్టం అడుగున 172.28, 118.35, 108.49, 67.49 వంటి దశాంశ సంఖ్యలు కనిపిస్తే ఆశ్చర్యపడనక్కర్లేదు. అవి గొట్టం లోపలి వ్యాసాన్ని చెప్పే గేజ్ సంఖ్యలు. ఆ వ్యాసానికి సరిపోయే సీసపు గుండ్లు ఎన్ని కలిస్తే ఒక ఇంగ్లిష్ పౌను బరువు తూగుతాయో ఆ సంఖ్యే గేజ్. షాట్‌గన్‌కు పన్నెండు, పదహారు గేజ్ అని చెప్పే పద్ధతి ఇదే. గొట్టం సన్నబడిన కొద్దీ గుండు చిన్నదవుతుంది, సంఖ్య పెరుగుతుంది. 1891 చట్టం కింద ఈ కొలతలు అంగుళంలో నూరోవంతు మెట్లుగా సాగాయి. 172.28 అంటే 0.300 అంగుళం, అంటే 7.62 మి.మీ. 118.35 అంటే 0.340 అంగుళం. 108.49 అంటే 0.350 అంగుళం, 8.89 మి.మీ. 67.49 అంటే 0.410 అంగుళం, 10.41 మి.మీ.

ఇక్కడ గమనించవలసిన సూక్ష్మం ఒకటుంది. కొలత గాడులకూ గాడులకూ మధ్య కాదు, గాడుల నడుమ ఎత్తుగా మిగిలిన పట్టీలకూ పట్టీలకూ మధ్య. పైగా ముద్రలోని సంఖ్య ఆ గొట్టంలో దూరగలిగిన పెద్ద కొలత కడ్డీని సూచిస్తుంది కాబట్టి అసలు వ్యాసం అంతకంటే కొంచెం ఎక్కువే ఉంటుంది. 7.80 మి.మీ. పట్టీల వ్యాసం గల పాత 8 మి.మీ. రైఫిల్ మీద 172.28 కనిపించడానికీ, 9.00 మి.మీ. పట్టీల వ్యాసం గల 9.3 మి.మీ. రైఫిల్ మీద 108.49 కనిపించడానికీ కారణం ఇదే. సంఖ్యను నేరుగా మి.మీ.లోకి మార్చి తూటా పేరు నిర్ణయిస్తే తప్పు జరుగుతుంది.

సుమారు 1912 నుంచి ఈ గేజ్ సంఖ్యల స్థానంలో మి.మీ. కొలతలు వచ్చాయి. 7,8 తర్వాత 57 అని ఉంటే పట్టీల వ్యాసం 7.8 మి.మీ., తూటా తొడుగు పొడవు 57 మి.మీ. అని అర్థం. జర్మన్ రాతలో దశాంశానికి చుక్క కాక కామా వాడతారని గుర్తుంచుకోవాలి. గ్రాముల్లో మందు బరువు, జి.బి.పి. అనే పొడి అక్షరాలు, ఎస్‌టి.ఎం.జి. అనే పొడి అక్షరాలు కూడా కనిపించవచ్చు. మొదటిది రైఫిల్‌కు వాడే పలుచని రేకుల మందును, రెండోది ఉక్కు తొడుగు ఉన్న బుల్లెట్‌ను సూచిస్తుంది. కె.ఎం.జి. అంటే రాగి తొడుగు బుల్లెట్. ఇవి ఏ మందుతో, ఏ బుల్లెట్‌తో ఆ గొట్టం పరీక్షించబడిందో చెప్పే నమోదులు. ఇప్పటి తూటా దానికి తగినదన్న హామీ కావు.

ఎనిమిది మి.మీ. ప్రమాదం

ఈ విషయం చరిత్ర కంటే ప్రాణానికి సంబంధించినది కనుక కొంత వివరంగా చెప్పవలసి ఉంది. 8×57 అనే పేరుతో రెండు వేర్వేరు కొలతల గొట్టాలున్నాయి. పాతదాన్ని 8×57 జె అంటారు. దాని పట్టీల వ్యాసం 7.80, గాడుల వ్యాసం 8.07 మి.మీ. తర్వాత వచ్చిన 8×57 జెఎస్‌కు పట్టీల వ్యాసం 7.89, గాడుల వ్యాసం 8.20 మి.మీ. ఇందులోని జె నిజానికి పదాతిదళాన్ని సూచించే ఇంఫాంటెరీ అనే పదంలోని ఐ అక్షరమే. పాత జర్మన్ అక్షరాల్లో పెద్ద ఐ, పెద్ద జె ఒకే ఆకారంలో రాయబడినందువల్ల జె అన్న పేరు స్థిరపడింది. జెఎస్ తూటాలోని లావు బుల్లెట్‌ను జె గొట్టంలో పేలిస్తే ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. వెనుక అంచు ఉన్న తూటాకు జెఆర్, జెఆర్‌ఎస్ అని ఇలాగే రెండు రూపాలున్నాయి. డ్రిల్లింగ్‌లలో ఈ అంచు తూటాలు మామూలు.

కాబట్టి గొట్టం మీద 8×57 అని చదివినంత మాత్రాన తూటా తెలిసిపోయిందని భావించకూడదు. ముద్రలో 7,8 ఉందా 7,9 ఉందా అన్న తేడా ఒక సూచన మాత్రమే. ఖచ్చితంగా తెలియాలంటే తుపాకీ నిపుణుడు తూటా గదిలో తక్కువ వేడికి కరిగే లోహమిశ్రమం పోసి అచ్చు తీసి కొలవాలి; గొట్టంలోకి మెత్తటి సీసపు ముద్ద దింపి గాడుల వ్యాసాన్నీ కొలవాలి. 9.3×72 ఆర్ వంటి పాత తూటాలకు కూడా కాలక్రమంలో పలు రూపాలు ఉన్నందువల్ల అచ్చు తీయడం తప్పనిసరి. డమాస్కస్ గొట్టాలతో, అంటే ఇనుప ఉక్కు పట్టీలను మెలిపెట్టి అతికిన గొట్టాలతో నల్ల తుపాకీమందు కాలంలో తయారైనదైతే, దాన్ని పేల్చకుండా ఉంచడమే సరైనదని నా దృఢమైన అభిప్రాయం.

పేర్లను చదవడం

పరీక్ష ముద్రలతో కాలం ఒక హద్దులోకి వచ్చాక, అప్పుడు పై పేర్ల వైపు తిరగాలి. ఈ క్రమం ముఖ్యం. కాలం ముందే తెలిస్తే పేర్ల అర్థాన్ని ఎంచుకోవడం తేలికవుతుంది.

గొట్టం మీద క్రుప్ అని ఉంటే క్రుప్ సంస్థ రైఫిల్ తయారుచేసిందని కాదు. ఎసెన్ నగరంలోని ఆ ఉక్కు కర్మాగారం గొట్టానికి ఉక్కు ఇచ్చిందని మాత్రమే. మూడు ఒకదానిలో ఒకటి పెనవేసుకున్న వలయాలు కూడా క్రుప్ గుర్తే. బ్యోలర్, పోల్డి వంటి పేర్లు కూడా ఉక్కు సంస్థలవి. వాటికి తోడుగా లౌఫ్‌ష్టాల్ అంటే గొట్టపు ఉక్కు, ఫ్లుస్‌ష్టాల్, గుస్‌ష్టాల్ అనే ఉక్కు రకాల పదాలు ఉంటాయి. ఆ మాటలున్న చోట తయారీదారును వెతకడం వృథా.

పేరు ముందూ వెనుకా ఉన్న పదాలే దాని అర్థాన్ని నిర్ణయిస్తాయి. వాఫెన్‌ఫబ్రిక్ అంటే ఆయుధ కర్మాగారం. వాఫెన్‌హాండ్లుంగ్ అంటే ఆయుధాల దుకాణం. బ్యుక్సెన్‌మాఖర్ అంటే తుపాకీ పనివాడు. దానికి ముందు హోఫ్ చేరితే రాజాస్థానానికి పనిచేసినవాడు. ఆస్థానాలు 1918లో ముగిశాయి కాబట్టి ఈ బిరుదు కాలాన్ని సూచిస్తుంది, కానీ కొందరు పాత బిరుదును తర్వాత కూడా వాడినందువల్ల దాన్ని ఒంటరి సాక్ష్యంగా తీసుకోకూడదు. గెబ్ర్. అంటే సోదరులు, జోన్ అంటే కొడుకు, నాఖ్ఫ్. అంటే వారసుడిగా సంస్థను తీసుకున్నవాడు, ఇన్హ్. అంటే యజమాని. ఒక సంస్థ పేరులో నాఖ్ఫ్. కనిపిస్తే, స్థాపకుడి కాలం దాటాక తయారైన తుపాకీ అని చెప్పవచ్చు. డి.ఆర్.పి. అంటే సామ్రాజ్య పేటెంట్, డి.ఆర్.జి.ఎం. అంటే నమోదైన చిన్న రూపకల్పన హక్కు, గెస్. గెష్. అంటే చట్టరక్షణ ఉన్నది. పేటెంట్ సంఖ్య పూర్తిగా చదవగలిగితే, జర్మన్ పేటెంట్ కార్యాలయం వారి డెపాటిస్‌నెట్ అనే ఆన్‌లైన్ భాండాగారంలో 1877 తర్వాతి పేటెంట్లను చూడవచ్చు. ఆ పేటెంట్ తేదీకంటే ముందు ఆ భాగం తయారై ఉండదు. కార్ల్ విల్హెల్మ్ ఐట్ 1884లో పొందిన పేటెంట్ పేరుతో ప్రసిద్ధమైన ఐట్ యంత్రభాగాన్ని హెనెల్ సంస్థ వాడటం ఇలాంటి అన్వేషణకు మంచి నమూనా.

ఊరి పేరు కూడా కాలాన్ని చెబుతుంది. ట్సెల్లా సాంక్ట్ బ్లాజీ, మేలిస్ అనే రెండు ఊళ్లు 1919లో కలిసి ట్సెల్లా-మేలిస్ అయ్యాయి. గొట్టం మీద ట్సెల్లా సాంక్ట్ బ్లాజీ అని మాత్రమే ఉంటే ఆ పేరు కలయికకు ముందుది. నెకార్ నది ఒడ్డున ఉన్న ఓబెర్న్‌డోర్ఫ్‌లోని మౌజర్ సంస్థ 1922కు ముందు వాఫెన్‌ఫబ్రిక్ మౌజర్ అని, ఆ తర్వాత మౌజర్-వెర్కె అని రాసుకుంది. జె.పి. జావర్ అండ్ జోన్ సంస్థ 1751 నుంచి సూల్‌లో ఉండి, రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఎకెర్న్‌ఫ్యోర్డెకు తరలింది. దుడ్డుకర్ర పట్టుకున్న అడవిమనిషి బొమ్మ దాని గుర్తు. క్రీగ్‌హోఫ్ యుద్ధం తర్వాత ఉల్మ్ నగరానికి వెళ్లింది. 1865లో సూల్‌లో స్థాపితమైన హైమ్ కూడా యుద్ధం తర్వాత పశ్చిమానికి తరలింది. ఒకే సంస్థ పేరుతో పాటు సూల్ అని ఉందా, పశ్చిమ జర్మనీ ఊరు ఉందా అన్నది చూస్తే, యుద్ధానికి ముందా తర్వాతా అన్నదానికి మంచి సూచన దొరుకుతుంది.

సిమ్సన్ పేరు కనిపిస్తే దాని వెనుక చరిత్రను కూడా నమోదు చేయడం మన బాధ్యత. 1856లో స్థాపించిన ఈ సూల్ సంస్థ యూదు కుటుంబానిది. 1930ల మధ్యలో నాజీలు ఆ కుటుంబం చేతి నుంచి దాన్ని లాక్కున్నారు. సంస్థ పేరు బి.ఎస్.డబ్ల్యు.గా, ఆ తర్వాత గుస్ట్‌లోఫ్‌గా మారింది. ముద్రలోని పేరు మార్పు ఇక్కడ కేవలం కాలసూచిక కాదు.

సైన్యం ముద్రలు, మార్చిన రైఫిళ్లు

మొదటి ప్రపంచయుద్ధం తర్వాత సైనిక రైఫిళ్ల యంత్రభాగాలను తీసుకుని వేట రైఫిళ్లుగా మలచడం విరివిగా జరిగింది. గెవేర్ 98, దానికి ముందటి 88 రకం యంత్రభాగాల మీద కిరీటంతో కూడిన ఫ్రాక్టూర్ (పాత జర్మన్ అచ్చు శైలి) అక్షరాలు చిన్నవిగా కనిపిస్తే అవి సైనిక తనిఖీదారులవి. వాటిని పౌర పరీక్ష ముద్రలతో కలపకూడదు. గద్దతో పాటు డబ్ల్యుఎఎ అక్షరాలు, ఒక సంఖ్య ఉంటే అది 1930, 40ల సైనిక తనిఖీ ముద్ర. యంత్రభాగం సైనికమైనది, గొట్టం పౌరమైనది అయితే రెండింటి తేదీలూ వేర్వేరుగా రాసుకోవాలి. రైఫిల్ వయసు అన్నది అప్పుడు ఒక్క సంఖ్య కాదు. 8×60 తూటా గది ఉంటే మరీ జాగ్రత్తగా చూడాలి; మొదటి ప్రపంచయుద్ధం తర్వాత సైనిక 8×57పై ఆంక్షల వల్ల ఈ కొలత ప్రాచుర్యంలోకి వచ్చింది. పాత గొట్టాన్ని దానికోసం తిరిగి తొలిచి ఉండే అవకాశం ఉంది.

విడిభాగాల మీద క్రమసంఖ్యలు సరిపోతున్నాయో లేదో చూడటం కూడా ఇక్కడే చేయాలి. గొట్టం, యంత్రభాగం, ముందు కొయ్య ఇనుము, ట్రిగ్గర్ రక్షక పట్టీ, చిన్న మరలు కూడా ఒకే సంఖ్యనో దాని చివరి అంకెలనో చూపితే రైఫిల్ మొదటి రూపంలోనే ఉందని చెప్పవచ్చు. సూల్ ప్రాంతపు తుపాకులకు ఉమ్మడి క్రమసంఖ్యల పట్టిక లేదని గుర్తుంచుకోవాలి. ప్రతి సంస్థా తన లెక్క తానే నడిపింది. అందువల్ల సంస్థ తెలియకుండా సంఖ్య ఒక్కటే పట్టుకుని సంవత్సరం చెప్పేవారి మాటను నమ్మకూడదు.

యజమాని ఆనవాళ్లు

బట్ అడుగునో పక్కనో వెండి లేదా బంగారు చిన్న పలక ఉండి, దాని మీద పొడి అక్షరాలు ఉండవచ్చు. వాటి పైన కిరీటం ఉంటే ముత్యాలు లెక్కపెట్టండి: జర్మన్ సంప్రదాయంలో తొమ్మిది ముత్యాలు కౌంట్ హోదాకు, ఏడు బారన్ హోదాకు, ఐదు బిరుదు లేని ఉన్నత కుటుంబానికి గుర్తు. భద్రతా మీట మీద ఎస్, ఎఫ్ అని ఉంటే అవి యజమాని అక్షరాలు కావు. జిఖెర్ అంటే సురక్షితం, ఫొయెర్ అంటే కాల్పు. దుర్భిణి బిగించి ఉంటే దాని సంస్థ పేరు, ఊరు కూడా నమోదు చేయాలి. జేనాలోని జైస్, వెట్స్‌లార్‌లోని హెన్సోల్ట్, బెర్లిన్‌లోని గోర్ట్స్ వంటి పేర్లు తరచూ కనిపిస్తాయి. అయితే దుర్భిణి తర్వాత అమర్చినది కావచ్చు. కొక్కెపు బిగింపు గొట్టంలో చక్కగా కుదిరి, దాని చుట్టూ నగిషీ చెడకుండా ఉందంటే మొదటి నుంచి ఉన్నదని ఊహించవచ్చు.

1938 నవంబర్ 11న జారీ అయిన ఉత్తర్వు యూదులు ఆయుధాలు కలిగి ఉండటాన్ని నిషేధించింది. వారి వేట తుపాకులు అలా చేతులు మారాయి. 1945లో మిత్రరాజ్యాల సైనికులు కూడా పౌరుల నుంచి ఎన్నో తుపాకులను సేకరించి తమ దేశాలకు తీసుకువెళ్లారు. పొడి అక్షరాలు, ఊరు, సంవత్సరం తెలిసిన తుపాకీ విషయంలో ఈ రెండు సంఘటనలనూ మనసులో ఉంచుకుని మొదటి యజమానిని వెతకాలి. ఆ వెతుకులాటలో వారి వారసులు బయటపడితే, ఆ సమాచారాన్ని వారికి తెలియజేయడం ధర్మమని నేను నమ్ముతాను.

ఎవరిని అడగాలి, ఎలా అడగాలి

సూల్‌లో ఆయుధ మ్యూజియం ఉంది. ఓబెర్న్‌డోర్ఫ్‌లో మౌజర్ చరిత్రకు సంబంధించిన ఆయుధ మ్యూజియం ఉంది. మ్యూనిక్‌లో వేట, చేపలవేట మ్యూజియం ఉంది. దుకాణదారుడి పేరు మాత్రమే ఉంటే ఆ నగరపు పాత చిరునామా పుస్తకాలు అసలైన నిధి. చాలా జర్మన్ నగరాల పుస్తకాలు డిజిటల్ రూపంలో లభిస్తున్నాయి. ఒక వ్యాపారి ఏ వీధిలో ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా ఉన్నాడో వాటిలో చూసి, ముద్రలు చెప్పిన కాలంతో సరిపోల్చవచ్చు. గొట్టం మీద వీధి పేరు కూడా ఉంటే ఫలితం మరింత కచ్చితంగా వస్తుంది.

నగర పత్రాలయానికి రాసేటప్పుడు జర్మన్‌లో, చిన్నగా, ఒకే ప్రశ్నతో రాయాలి. తుపాకీ విలువ ఎంత అని అడిగితే జవాబు రాదు, అది వారి పని కాదు. ఫలానా పేరుగల తుపాకీ వ్యాపారి ఫలానా దశాబ్దంలో మీ నగరంలో నమోదై ఉన్నారా అని అడిగితే వెతకడానికి వారికి దారి ఉంటుంది. పరీక్ష ముద్రలు, పేరు చెక్కిన చోటు, గొట్టం అడుగు మొత్తం స్పష్టంగా కనిపించే మూడు నాలుగు ఫొటోలు జతచేయాలి. రైఫిల్ మొత్తం ఫొటో ఒకటి చాలు. గోతిక్ అచ్చులో పొడవైన ఎస్ ఎఫ్‌లాగా కనిపిస్తుంది కనుక, చదివిన పేరును మీరే తిరగరాసి పంపితే, మీ చదువులో పొరపాటు ఉన్నా ఫొటో చూసి వారు సరిదిద్దగలుగుతారు.

చేసిన పనినంతా ఒక కాగితం మీద రాసి ఉంచాలి. ఒక్కో ముద్ర పక్కన దాని స్థానం, మీరు చదివిన రూపం, దాని అర్థం, ఆ అర్థం ఖచ్చితమైనదా, సంభావ్యమైనదా, ఊహా మాత్రమేనా అన్నది రాయాలి. పై పేరుకు తయారీదారు అని కాక, అది నిరూపితమయ్యేదాకా గొట్టంపై చెక్కిన పేరు అని మాత్రమే రాయాలి. ఆ కాగితాన్ని ఫొటోలతో కలిపి రైఫిల్‌తో పాటు భద్రపరిస్తే, దాన్ని తర్వాత తీసుకునేవారు అదే ముద్రలను మొదటి నుంచి చదవనక్కర్లేదు.